తొట్టెలలో రికార్డు ప్లేయర్

మా అత్తమ్మ సత్యవ్వ పదిహేనేళ్ళ వయసులో రికార్డుకు పాడిందట. కోరుట్లలో ఆమె పుట్టింటి వాడకట్టు ఆడవాళ్ళను ఎవరో పట్నం తీసుకుపోయి, బతుకమ్మ పాట పాడించి రికార్డు చేశారట. ఈ 'అట'లు నావి కావు, మా మామ ముత్యంవి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆ మాట నమ్మలేదు. "రికార్డుల పాడినామె నాకెందుకు దొరుకుతది" అని నలుగురిలో నవ్వుతాడు, ఆమె మొహం చిన్నబోతుంది. నాకూ నమ్మకం లేదు. మా వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ పాట ఆపినా ఈమె ఒక్కతే ఇంకో మాట పాడి గానీ ఆపదు. అలాంటి మనిషికి బస్సు చార్జీలు పెట్టుకుని పట్నం ఎవరు తీసుకుపోతారు?

మొన్న కోరుట్లలో ఆమె అన్న పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఆ రికార్డు దొరికింది. అట్ట మీద ఎవరి పేరూ లేదు, 'మహిళా బృందం' అని మాత్రం ఉంది. అత్తమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని మా ఊరు సిరిసిల్ల బస్సెక్కింది. ఇక మా ఆయన సాయినాథ్ ఆగుతాడా, జగిత్యాల పోయి పాత సామాన్ల దుకాణంలో ఒక రికార్డు ప్లేయర్ పట్టుకొచ్చాడు.

పెడితే, ముల్లు రెండు మాటలు నడిచి గెంతింది. మళ్ళీ పెడితే మళ్ళీ గెంతింది.

"చూసినవా, రికార్డుకు గూడ నీ పాట నచ్చుత లేదు" అన్నాడు మామ, ఇంటికి ఆనుకునే ఉన్న మా నేత కార్ఖానా గడపలో నిలబడి. అత్తమ్మ ఆ పూట అన్నం తినకుండానే పడుకుంది.

ఆ అలిగిన మొహం చూడలేక మా ఆయన రిపేర్లకు దిగాడు. కార్ఖానాలో మిగిలిన వేస్టు దారం అమ్మితే వచ్చే పైసలు తప్ప ఇంటి పైసలు ముట్టవద్దని నేను గట్టిగా చెప్పాను. ఫోన్లో వీడియోలు చూసి కొత్త ముల్లు తెప్పించాడు. గెంతింది. లోపలి బెల్టు మార్చాడు. గెంతింది. ముల్లు పట్టే చెయ్యి మీద రూపాయి బిళ్ళ అతికించి, ఎవరో ఆటోలోంచి పీకేసిన స్పీకర్లు తగిలించాడు. గెంతడం ఇంకా గట్టిగా వినబడింది. చివరికి నా రొట్టెల పీట తీసుకుపోయి దాని కింద పెట్టాడు.

"పీట నువ్వు తీసుకుంటే రొట్టెలు నీ నెత్తి మీద చెయ్యాల్నా?" అన్నాను.

"ఒక్క రోజు ఆగు సంధ్యా. కింద బరువుంటే కదలదంటున్నరు."

మరునాడు ఇల్లు ఊడుస్తుంటే ఆ పెట్టె, ఆ వైర్లు కాళ్ళకు అడ్డం. నాకు ఒళ్ళు మండింది. మా బిడ్డ అలేఖ్య చిన్నప్పుడు తొట్టెల, అదే ఉయ్యాల, కట్టిన కొక్కెం దూలానికి ఇంకా అలాగే ఉంది. పాత చీర కట్టి, పీటతో సహా ప్లేయర్‌ను తొట్టెలలో పడేసి ఊడ్చుకున్నాను.

పక్కింటి నీల తలుపులోంచి తొంగి చూసింది. "ఎన్నడు కాన్పయిందే, చెప్పనే లేదు?"

"మీ అన్ననే అడుగు, ఆయన బిడ్డే" అన్నాను.

మా ఆయన వచ్చి చూసి, దించే ఓపిక లేక తొట్టెలలోనే పాట పెట్టాడు. ముల్లు రెండు మాటలు దాటింది. చరణం దాటింది. గెంతలేదు.

అప్పుడు తట్టింది మా బుర్రలకు. గోడ అవతలే మా సాంచాలు, అంటే మరమగ్గాలు, రోజంతా నడుస్తాయి. మావి ఆగితే పక్కన రాజేందర్ వాళ్ళవి నడుస్తాయి. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి గానీ ప్లేయరూ ఆగుతుంది. ఆ అదురులోనే పుట్టి పెరిగిన వాళ్ళం, ఇల్లు అదురుతుందన్న సంగతే మాకు ఎరుక లేదు. పాత చీర ఆ అదురును మింగేసింది.

"అమ్మా, గిండ్ల నీ గొంతు ఏది?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ చెవి దగ్గర పెట్టి విన్నది. "గీ గుంపులనే ఉన్న కొడుకా. గని ఏదో ఎరుకైత లేదు" అంది. ఆమె కళ్ళు నిండాయి. నాకు నిజంగా పాపమనిపించింది.

అంతలో చరణం అయిపోయింది. గుంపంతా ఆగింది. ఒక్క సన్న గొంతు మాత్రం ఇంకో మాట పాడి అప్పుడు ఆగింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన నేల మీద కూర్చుని నవ్వాడు. అత్తమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

గడపలో మామ నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి కార్ఖానాలోకి పోయాడు. ఒక్కొక్కటిగా మా సాంచాలు ఆగాయి. పండుగకు కూడా బతిమాలితే గానీ ఆపని మనిషి. ఆ వెంటనే గోడ మీది నుంచి ఆయన కేక వినబడింది. "రాజేందర్, ఒక్క పాట సేపు నీ సాంచాలు బంద్ వెట్టు."

"ఏమైంది కాకా, ఎవలన్న పోయిండ్రా?"

"పోలే. మా ఆమె పాడుతున్నది."

వాడ మొత్తం చప్పుడు లేకుండా అయింది. మామ వచ్చి తొట్టెల కింద కూర్చున్నాడు. "మల్ల పెట్టు" అన్నాడు.

పాట నడిచింది. గుంపు ఆగింది. ఆ ఒక్క గొంతు ఇంకో మాట పాడింది.

"నువ్వే" అన్నాడు మామ. "గప్పుడు గూడ ఒక మాట ఎక్కువనే."

అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కువ గాదు. వాళ్ళే జెల్ది ఆపిండ్రు" అంది.