అక్క బండి కమాన్లు

మా అక్క పొట్ట కొట్టింది నేనే. మూడు రోజులు, ఒళ్ళు దాచుకోకుండా, సుత్తితో మరీ కొట్టాను. ఇంకెవరి మీదికో నెట్టేసే ఉద్దేశం నాకు లేదు.

నాది కమాన్ల షాపు. బండి వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టనే కమాను అంటాం. ఏళ్ళు గడిచేకొద్దీ దాని వంపు పోయి చదునవుతుంది, బండి వెనక్కి చతికిలబడుతుంది. కట్ట విప్పి, ఒక్కో పట్టీనీ ఇనుప దిమ్మ మీద పెట్టి కొట్టి, మళ్ళీ వంపు తేవడం నా పని. ఈ చుట్టుపక్కల నా చేతికి పేరుంది. ఆ పేరు నా తలకెక్కింది కూడా.

అక్కది పాత జీపు. ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో దుప్పట్లు పోగుచేసి, ఇంటి వెనక ఉతికి, తడివి తడిగానే జీపులో వేసుకుని ఊరవతల ఆరేసే జాగాకి తీసుకెళ్ళేది. తడి దుప్పట్ల బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది. పదకొండేళ్ళలో జీపు ఎంత కుంగిందంటే, గుంట వచ్చినప్పుడల్లా ఇరుసు పైకొచ్చి ఛాసిస్‌ని గుద్దేది. ఆ దెబ్బ అక్క నడుములో దిగేది. నిజానికి ఆ కమాన్ల మీద పడ్డ మొదటి బరువు నా దిమ్మే. నేను షాపు పెట్టిన రోజు అక్కే దాన్ని జీపులో వేసుకొచ్చి దింపింది.

"ఒరేయ్, నా బండి కూడా కాస్త చూడరా," అని ఎన్నిసార్లు అడిగిందో. "చూద్దాంలే అక్కా, ఈ వారం ఊపిరాడటం లేదు," అనేవాణ్ణి. బయటివాడైతే ఇంకో షాపుకి పోతాడు, అక్క ఎక్కడికి పోతుంది? ఆమె నడుముకి బెల్టు కట్టుకుంది, సీట్లో దిండు వేసుకుంది. "మా తమ్ముడు కమాన్ల డాక్టరు, అపాయింట్‌మెంటు దొరకదు," అని నా ముందే నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, సిగ్గులేకుండా.

పోయిన వారం ఆ జీపు వేసుకుని బావ వచ్చాడు. బావకి ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. అప్పట్నుంచి పెళ్ళాం ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతకడం ఆయనకి నామోషీ. ఎన్నడూ నా షాపు గడప తొక్కని మనిషి వచ్చేసరికి కంగారుపడి, కుర్చీ తుడిచి వేశాను.

"వెనక బాగా ఎత్తు రావాలోయ్. చూసేవాడికి పాత బండి అనిపించకూడదు. మీ అక్కకి సర్వీసింగ్ అని చెప్పాన్లే."

"మీరు చెప్పాక తిరుగేముంది బావా."

చూసేవాడెవడని అడగలేదు. అర్థం కాలేదంటే అబద్ధం. అర్థమైందని ఒప్పుకుంటే బావ మాట కాదనాలి, అంత ధైర్యం నాకు లేదు. ఊపిరాడని పనులన్నీ పక్కన పెట్టేశాను. కట్ట విప్పితే పట్టీల కొసలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గాట్లు పడి ఉన్నాయి, మధ్యలో దుప్పట్ల నీళ్ళు కారి తుప్పు పొరలు కట్టింది. అక్క పదకొండేళ్ళ చాకిరీ అది. శుభ్రంగా గీకి పారేశాను. వంపు తెచ్చి, అదనంగా ఒక పట్టీ వేసి, బోల్టులు బిగించి, నల్లరంగు కొట్టాను. జీపు తోకెత్తి నిలబడింది.

నాలుగో రోజు పొద్దున అక్క వచ్చింది, చంకలో తడి దుప్పట్ల మూటతో. జీపు లేని మూడు రోజులూ అలాగే మోసుకెళ్తోందట. బండిని చూసి ఆగిపోయింది. వెనక్కెళ్ళి, నడుము పట్టుకుని వంగి చూసింది. లేచేసరికి కళ్ళు నిండి ఉన్నాయి.

"నా తండ్రే! సర్వీసింగ్ అని చెప్పి మీరిద్దరూ చేసింది ఇదా? ఇన్నాళ్ళకి అక్క గుర్తొచ్చిందట్రా?"

నేను నోరు తెరిచేలోపే బావ వచ్చాడు, వెంట ఎవరో పెద్దమనిషి. ఆయన జీపు వెనక రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి చూశాడు.

"భలే గట్టిగా ఉందే. బరువులు గట్రా వేయలేదు కదా?"

బావ అక్క వైపు చూడలేదు. "అబ్బే, ఇంట్లో వాడుకున్నదే. బరువన్నదే ఎరగదు."

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "ఏం మేస్త్రీ, అంతేనా?"

తలూపాను. నా తల ఎవరూ పట్టుకుని ఊపలేదు, నేనే ఊపాను.

అక్క మూట భుజం మీదికి ఎత్తుకుని బయల్దేరింది. ఆరేసే జాగా అక్కణ్ణించి మూడు మైళ్ళు. పరుగెత్తి మూట అందుకోబోయాను.

"వదిలెయ్‌రా, నీకు ఊపిరాడని పనుంటుంది," అంది. వెక్కిరింపుగా కూడా అనలేదు.

వెనక్కి తిరిగేసరికి బావ షాపు ముందు నిలబడి, నవ్వుతూ చెయ్యూపి పిలుస్తున్నాడు. వెళ్ళాను.