కిటికీ కింది చామంతులు

నాకు ముక్కుమీద కోపమని మా వీధిలో అందరికీ తెలుసు. అది ముందే ఒప్పేసుకుంటే మిగిలింది చెప్పడం తేలిక. అయితే చామంతుల విషయంలో నేను చేసిన వెధవపనికి కారణం కోపం కాదు, అతితెలివి.

మా తమ్ముడి కూతుర్ని నేనే పెంచాను. వాడూ వాడి భార్యా ఉద్యోగాలంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, పిల్ల చదువు పాడైపోతుందని నా దగ్గర ఉంచేసుకున్నాను. అప్పట్నుంచీ అది మా అమ్మాయే. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న కాళ్ళచేత మళ్ళీ అడుగులు వేయిస్తుంది. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా పెళ్ళి మాట నన్ను ఎత్తనివ్వలేదు. చివరికి తనే ఎత్తింది. తన ఆసుపత్రిలోనే ల్యాబులో పనిచేసే అతనట. నెమ్మదస్తుడు. భార్య పోయి మూడేళ్ళయింది, ఏడేళ్ళ కూతురుంది.

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాను.

"నన్ను పెంచేముందు నువ్వు ఆలోచించుకున్నావా అత్తా?" అంది. 

అతనికి వారంలో నాలుగు రోజులు రాత్రి డ్యూటీ. పిల్లను చూసుకునే పక్కింటివాళ్ళు ఇల్లు మారిపోవడంతో, పెళ్ళికి ఐదు నెలల ముందునుంచే ఆ నాలుగు రాత్రులూ పిల్ల మా ఇంట్లో పడుకోవడం మొదలైంది. పెరటివైపు గది దానికిచ్చాం. వచ్చిన రోజే ఇల్లంతా తిరిగొచ్చి, "బామ్మగారూ, మీ ఇంట్లో తలుపులు తొమ్మిది, గొళ్ళాలు పదకొండు" అని అప్పజెప్పింది. అరవై రెండేళ్ళకే బామ్మనైపోయినందుకు నాకు ఒళ్ళు మండింది కానీ, గొళ్ళాల లెక్క నిజమే. ఆ రోజే దానికి లెక్కలమ్మ అని పేరు పెట్టాను.

నాతో ఏదో ఒకటి వాగేది. మా అమ్మాయితో మాత్రం ముక్తసరి. అడిగితే 'ఊఁ', పెడితే తినడం, అంతే. బతిమాలితే ఇంకా బిగుసుకుపోయేది. మా అమ్మాయి కూడా బతిమాలడం మానేసి తన పని తను చూసుకునేది.

రెండో రోజు పొద్దున పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా పడుకోలేదట. గదిలో లైటు వేసుకోవచ్చుగా అన్నాను.

"లోపల లైటేస్తే కిటికీ బయట ఇంకా నల్లగా ఉంటుంది. అక్కడేముందో తెలీదు" అంది.

 ఆ సాయంత్రం మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూ ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకొచ్చింది. కిటికీకి పైన, బయటి గోడకు, పెద్ద లైటు బిగించాడతను. అప్పటినుంచి పొద్దు వాలిందంటే మా పెరడు పట్టపగలే. పిల్ల హాయిగా నిద్రపోయేది. పిల్ల లేని రాత్రుళ్ళు కూడా ఆ స్విచ్చి ఎవరం ముట్టుకోలేదు, అలవాటైపోయింది.

పెళ్ళి పనులు చూడటానికి ఒక ప్లానర్ను పెట్టుకున్నాం. చేతిలో ట్యాబు, నోటినిండా 'అండి'. పెళ్ళికూతురికి ముందు బుట్టలోంచి పూలు చల్లుతూ ఒక చిన్నపిల్ల నడవాలని ఆవిడే చెప్పింది. "మా దగ్గర అలవాటున్న పిల్లలున్నారండి. ఏడవరు, ఫొటోల్లో బాగా పడతారు" అంది.

"పిల్లల్ని కూడా కుర్చీల్లాగా అద్దెకు తెస్తావా?" అన్నాను. ఆవిడ ట్యాబులోకి చూసుకుంది.

మా అమ్మాయి మాత్రం ఒకటే మాట. నడిస్తే లెక్కలమ్మే నడవాలి, అదీ తనంతట తానుగా నడవాలి. ఆ సంగతి నాతో వంటింట్లో చెప్పింది. "అది ఇష్టపడి నా ముందు నడిస్తేనే నేను వాళ్ళింట్లో అడుగుపెడతాను అత్తా. లేకపోతే ఆ రోజైనా సరే ఆగిపోతాను. ఏడేళ్ళ పిల్లను తోసుకుంటూ వెళ్ళి పెళ్ళి చేసుకోలేను." అంత నెమ్మదిగా చెప్పిందంటే అది చేసి తీరుతుందని నాకు తెలుసు. 

ఆ సాయంత్రమే పిల్లను అడిగింది.

"ఏ పూలు?" అంది పిల్ల.

"నీకిష్టమైనవి."

పిల్ల పెరట్లోకి చూసింది. "నేను పెంచినవైతే నడుస్తాను."

నేను ఎగిరి గంతేశాను. పూలదేముంది, నలభై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్నదాన్ని. పసుపు చామంతి కొమ్మలు ఆరు నాటించాను. పొద్దున లేవగానే కనబడాలని కిటికీ కిందే వరసగా నాటుకుంది. తలలు తుంచితే పక్కనుంచి కొమ్మలు చీలి గుబురవుతుందని చెప్పి, రెండుసార్లు తుంచడం నేర్పాను. మొదట అయ్యో అంది. తర్వాత ఏ మొక్కకెన్ని కొమ్మలొచ్చాయో నోట్సు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళినాటికి విరగబూస్తాయని మాటిచ్చాను. ఎందుకిచ్చానో, నా నోరే నాకు శత్రువు.

చలి మొదలైంది. వీధివైపు నేను వేసిన చామంతులన్నీ మొగ్గ తొడిగాయి. కిటికీ కిందివి మాత్రం పచ్చగా, బలంగా, నడుమెత్తు పెరిగాయి. ఒక్క మొగ్గ లేదు. నేను ఎరువును తిట్టాను, నీళ్ళను తిట్టాను, మట్టిని తిట్టాను. పిల్ల రోజూ బడినుంచి రాగానే సంచీ కూడా దించకుండా వెళ్ళి చూసి, పుస్తకంలో 'మొగ్గలు: సున్నా' అని రాసి లోపలికొచ్చేది. అది తలుపు తీసిన చప్పుడు వింటేనే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

పెళ్ళికి పదిరోజులనగా తట్టుకోలేక నాలుగాకులు తుంచుకుని నర్సరీ అతని దగ్గరికెళ్ళాను. ఆకులు చూడకుండానే అడిగాడతను.

"రాత్రిళ్ళు వాటిమీద లైటేమైనా పడుతుందాండీ?"

"పడుతుంది, పెద్ద లైటే" అన్నాను.

"చామంతికి పొడుగాటి చీకటి కావాలి. అప్పుడే మొగ్గేస్తుంది. పూత ఆలస్యం చెయ్యాలంటే మేమే తోటలో లైట్లు పెడతాం" అన్నాడు. ఇవాళ ఆర్పినా పూయడానికి రెండు నెలలు పడుతుందని కూడా చెప్పాడు. నలభై ఏళ్ళ అనుభవం నాది! పెరట్లో ఎన్నడూ లైటు పెట్టినదాన్ని కాను, ఇక తెలిసేదెలా.

ఇంటికి తిరిగి వెళ్ళి నిజం చెప్పాల్సింది. చెబితే, తన భయం వల్లే పూయలేదని పిల్ల కుమిలిపోతుంది. మా అమ్మాయేమో పెళ్ళే ఆపేస్తుంది. ఇదీ నా లెక్క. కాబట్టి ఎవరికీ చెప్పకుండా, పిల్ల తండ్రి దగ్గరున్న మూడు రోజుల్లో, అదే నర్సరీనుంచి పూసిన చామంతులు ఆరు కుండీలు తెప్పించాను. పాతవి పెరికి చెత్తకుప్ప మీద వేసి, వాటి గుంటల్లోనే కొత్తవి పాతాను. పిల్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను. పప్పులో కాలేశాను.

లెక్కలమ్మ వచ్చింది, చూసింది. సంతోషించలేదు. మోకాళ్ళమీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"నా మూడో మొక్కకి కొమ్మలు పద్నాలుగు. దీనికి తొమ్మిది" అంది. తర్వాత ఒక్కో మొక్క అడుగునా వేలు పెట్టి చూసింది. "నేను తుంచిన చోట్లు లేవు. ఇవి నావి కావు."

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చింది. పూలు చూసి మొహం వెలిగిపోయింది. "పూశాయే. ఎంత బాగున్నాయో" అంది పాపం.

పిల్ల లేచి నిలబడింది. "మీరు కూడా అబద్ధం చెబుతున్నారు. నేను నడవను" అని గదిలోకెళ్ళిపోయింది.

మా అమ్మాయి నావైపు తిరిగింది. అడ్డంగా దొరికిపోయాను. లైటు సంగతి దగ్గర్నుంచి చెత్తకుప్ప దాకా అన్నీ కక్కేశాను.   అది నా చెయ్యి పట్టుకుని పిల్ల గదిలోకి లాక్కెళ్ళి, "నాకు చెప్పిందంతా దానికీ చెప్పు" అంది.

చెప్పాను. మొక్కలు పెరికింది నేనేనని, మా అమ్మాయికి తెలియదని, తప్పు నాదని చెప్పాను. లైటు దగ్గరికొచ్చేసరికి నసిగాను. మా అమ్మాయి వదల్లేదు, అదీ చెప్పించింది.

 పిల్ల మా అమ్మాయినే సూటిగా అడిగింది.

"లైటేస్తే పూలు పూయవని మీకు తెలీదా?"

"తెలీదు."

"తెలిస్తే వేసేవారు కాదా?"

నేను మా అమ్మాయివైపు గుడ్లురిమి చూశాను, ఏదో ఒకటి తియ్యగా చెప్పి గట్టెక్కమని. అది నావైపు చూడనేలేదు.

"వేసేదాన్నే" అంది. "పూలు ఇంకోసారి పూస్తాయి. నువ్వు నిద్రపోకుండా ఎన్నాళ్ళుంటావు?"

 పిల్ల నడుస్తాననీ అనలేదు, నడవననీ అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం చెత్తకుప్ప దగ్గర కనిపించింది. వాడిపోయిన తన మొక్కలు ఏరి బకెట్ నీళ్ళలో పెడుతోంది. నేనూ గొంతుక్కూర్చుని సాయం చేశాను. "మూడు బతుకుతాయి బామ్మగారూ" అంది. మూడే బతికాయి.

పెళ్ళిరోజు హాలు తలుపు బయట మేం నలుగురం నిలబడ్డాం: తెల్లచీరలో మా అమ్మాయి, లెక్కలమ్మ, ప్లానర్, నేను. లోపల రెండొందలమంది ఉన్నారు. పిల్ల నడవకపోతే తను ఈ తలుపు దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళిపోతానని మా అమ్మాయి పొద్దున పెళ్ళికొడుకుతో కూడా చెప్పేసింది.  ప్లానర్ గులాబీ రేకుల పళ్ళెం తెచ్చి బుట్టలో పోయబోయింది. పిల్ల రెండు చేతులతో బుట్టను మూసేసింది. లోపల బతికిన తన చామంతుల ఆకులు, లేత కొమ్మలు, అంతే.

"పూలు లేకుండా ఎలాగండీ, ఫొటోలు..." అంది ప్లానర్.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను. ఊరుకోనని నా మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

తలుపు తీశారు. ఎవరూ పొమ్మనకుండానే పిల్ల అడుగు వేసింది.  పది అడుగులకో గుప్పెడు చొప్పున ఆకులు చల్లుకుంటూ వెళ్ళింది. దాని వెనక మా అమ్మాయి, ఆ వెనక నేను. సగందూరం వెళ్ళాక, వరస చివరి కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ నవ్వుతూ, "పూలేవమ్మా, మరిచిపోయావా?" అంది.

లెక్కలమ్మ ఆగింది. "మరిచిపోలేదండీ. పూయలేదు" అంది. దానికి గొంతు తగ్గించడం రాదు, హాలంతా వినబడింది. "నాకు భయమని కిటికీకి లైటు వేయించింది. పూలు పోతాయని ముందే తెలిసినా వేయించేదట."

ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి ఉన్నచోటే నిలబడిపోయింది. ఎంతమందినో నడిపించిన మనిషి, తనకి అడుగు పడటం లేదు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాకూ అంతే, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. బుట్ట కింద పెట్టి, వచ్చిన దారినే నడిచొచ్చి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"రా" అంది. "ఇంక ఇరవై ఆరడుగులే."