కదలని ముల్లు

1994 మే 19, గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రాత్రి గాలివాన వెలిసి, పెన్‌పహాడ్ దగ్గరి తండాలో ఆకు కూడా కదలని ఉక్కపోత. కరెంటు లేదు. దేవ్‌సింగ్ తన చెల్లెలి పెళ్లి ట్రాక్టర్ బ్యాటరీకి తీగలు తగిలించి, కిరాయికి తెచ్చిన రికార్డర్ మీట నొక్కాడు. మీటరు ముల్లు కదలలేదు.

'కంకర' అనే వారి రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌కు అప్పటికి ఐదు పాటలు పూర్తయ్యాయి. గిటారు దేవ్‌సింగ్‌ది, డ్రమ్స్ యాదగిరివి, గొంతు దేవ్‌సింగ్ చెల్లెలు మంగ్లీది. మిగిలింది ఢావ్లో: అత్తవారింటికి కదిలే పిల్ల అయినవాళ్లను ఒక్కొక్కరినే వాటేసుకొని పాడే ఏడుపుపాట. కోదాడ క్యాసెట్ల వ్యాపారి అది ఉంటేనే ఆల్బమ్ వేస్తానన్నాడు.

"గిటార్లు అందరూ కొడతారండీ. మీ తండా పాట తీసుకురండి, చూద్దాం."

మంగ్లీ మాత్రం ముందుగా పాడనంది. "ఇల్లు కదలకముందే ఢావ్లో పాడితే ఇంట్ల పీనుగ లేస్తదన్నా. అత్తగారింటికి హాలియా పొయ్యేనాడు పాడుత, పట్టుకో."

అందుకే రికార్డర్ తండాకు వచ్చింది.

"బ్యాటరీ డౌన్ అయిందేమోరా," అన్నాడు యాదగిరి.

"నీ మొకం! ట్రాక్టర్ లైట్లు ఎలుగుతున్నయ్, సూడు."

మరలు విప్పారు. లోపలి రాగి అంతా పొయ్యిలో పెట్టి తీసినట్టు నల్లబడి ఉంది.

వాళ్లు పాటలు పట్టింది మిర్యాలగూడలో, యాదగిరి తండ్రి రైస్ మిల్లు గోదాములో. అక్కడి బస్తాల వరుసలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. తవుడు దుమ్ము పడకూడదని, కిందటి వారం రికార్డర్‌ను బస్తాలపై కప్పిన పట్టా కిందికి తోసింది యాదగిరే. మర్నాడు ఆ పట్టా కిందనే హమాలీలు పురుగుమందు బిళ్లలు వేసి అంచులు మూశారు. ఆ బిళ్లల గ్యాసు పురుగునూ మనిషినీ చంపుతుందని మిల్లులో అందరికీ తెలుసు. రాగిని తింటుందని ఎవరూ ఆలోచించలేదు.

"మంచిగ ఉంటదనే పెట్టిన దేవా... బిళ్లలేస్తరని యాది లేదు."

దేవ్‌సింగ్ స్క్రూడ్రైవర్ మొనతో నలుపు గీకుతున్నాడు. అప్పటికే ఢావ్లో మొదలైంది; తల్లి కమలాబాయి మెడ వదిలిన మంగ్లీ అతని భుజం మీద వాలి, అన్న కోసం పాడే చరణం ఎత్తుకుంది. అతను ఒక చేత్తో ఆమెను పొదువుకొని, రెండో చేత్తో తీగను అదిమిపట్టాడు. చూపు ముల్లు మీదే ఉంది.

పాట ఆగింది.

"వచ్చిందా అన్నా?"

"రాలే. జర ఇంకోపాలి పాడవా?"

మంగ్లీ అతని మొహంలోకి చూసింది. "పోవుడు ఒక్కపాలే కదన్నా." కళ్లు తుడుచుకొని ట్రాక్టర్ ఎక్కింది. తీగలు పీకెయ్యమని డ్రైవర్ కేకేశాడు.

కనీసం ఆ చరణాన్ని గుర్తుచేసుకొని గిటారు మీద పలికిద్దామని తర్వాత మిల్లులో కూర్చున్నారు. చెల్లెలు తనను తలుచుకొని ఏమని ఏడ్చిందో దేవ్‌సింగ్‌కు ఒక్క మాటా గుర్తు రాలేదు.

ఆల్బమ్ రాలేదు. 2003 ఆగస్టులో మంగ్లీ హాలియాలో కామెర్లతో చనిపోయింది.