ఆదివారం పెట్టుకున్న కమ్మలు

“ఈ ముఖం మీదేగా?” అన్నాడు పోలీసు కెప్టెన్ ఎర్మెక్, కాగితాలు బల్ల మీద ఇటు తిప్పిపెట్టి.

చినారా ముఖమే. కళ్లార్పుతూ ఒక ఫొటో, కుడికి తిరిగి ఒకటి, ఎడమకి తిరిగి ఒకటి. ఆదివారం సాయంత్రం నాలుగుంబావుకి ఫోనులో ఆ ముఖం చూసి బ్యాంకు ఆమె పేరున అరవై లక్షల తెంగేల అప్పు ఇచ్చేసింది. పావుగంటలో ఆ డబ్బు సరిహద్దు దాటి ఓష్ పట్టణం చేరింది.

“ముఖం నాదే. అప్పు నాది కాదు.”

“అందరూ అదే అంటారు చెల్లెమ్మా. పోయిన వారం ఒకాయన, అప్పు చేసింది మా కవల తమ్ముడన్నాడు. తీరా చూస్తే వాళ్లమ్మకి ఆయనొక్కడే.”

నవ్వే ఓపిక చినారాకి లేదు. శుక్రవారం లోపల ఈ అప్పు తన పేరు మీంచి పోకపోతే ఫ్లాటు పోతుంది. అల్మాటీలో, ఐదో అంతస్తులో, ఒంటిగది ఫ్లాటు. మందుల దుకాణంలో ఆరేళ్లు రెండు షిఫ్టులు చేసి బయానా కూడబెట్టింది. కొత్త అప్పు కనబడగానే ఇంటి రుణం ఆపేశారు. పుట్టిన ఇరవయ్యారేళ్లలో ఆమె పదకొండు అద్దె ఇళ్లు మారింది.

“తమ్ముడి మీద అనుమానమన్నారు. పందేలు కాస్తాడట. సమాత్ అనే రాసేద్దామా?”

పక్క కుర్చీలో తల్లి గొంతు సవరించుకుంది. బజార్లో మేజోళ్లు అమ్మే మనిషి, ఇవాళ కొట్టు మూసుకుని వచ్చింది. “పోనీలెండి సారూ. ఇంటి విషయం. ముగ్గురం కలిసి తీర్చేసుకుంటాం.”

ప్రింటరులో కాగితం అయిపోయిందని గొణుక్కుంటూ కెప్టెన్ పక్క గదిలోకి వెళ్లాడు.

పొద్దున సమాత్ మొత్తుకున్నాడు. “నీ ఫోను ముట్టుకుంటే వేళ్లు విరగ్గొడతావు కదే అక్కా. నేనెలా తీస్తాను?”

చినారా మళ్లీ ఫొటోలు చూసింది. చెవికి వెండి కమ్మ. శనివారం కొన్నవి. ఒక్కసారే పెట్టుకుంది, ఆదివారం.

కొత్తదేది వేసుకున్నా తల్లి సొంతూరు ఓష్‌లో ఉన్న అమ్మమ్మకి వీడియో పంపడం వాళ్లింట్లో రివాజు. ఆ సాయంత్రం తల్లే అంది, “నీ ఫోను ఇటివ్వు తల్లీ, నేను తీస్తా. కమ్మలు కనబడేలా ఇటు తిరుగు. ఇప్పుడు అటు. కళ్లార్పవే, ముసలమ్మ నవ్వుకుంటుంది.”

కమ్మలు బాగున్నాయని అమ్మమ్మ ఇప్పటిదాకా ఫోన్ చేయలేదు. ఫోనులో డబ్బు పుచ్చుకోవడం, పంపడం తల్లికి నేర్పింది చినారాయే. తన ఫోను రహస్య అంకెలు కూడా ఆమే చెప్పింది.

“ఊళ్లో నువ్వు కట్టిస్తున్న ఇంటికి కప్పు పడిందా అమ్మా?”

తల్లి చేతిసంచి జిప్పు మూసింది, తెరిచింది. “చలికాలం రాకముందే వెయ్యాలన్నాడు మేస్త్రి. నాలుగేళ్లుగా గోడలు నానిపోతున్నాయే. అది నీక్కూడా ఇల్లే.”

“నేనక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.”

“ఇక్కడ ఎన్నేళ్లున్నా మనం వలసొచ్చినవాళ్లమే. రేపు పొమ్మంటే ఎక్కడికి పోతాం?”

“సమాత్ పేరు రాస్తానంటే, వాడు కాదని ఒక్క మాట అన్లేదు నువ్వు.”

కెప్టెన్ కాగితాలతో తిరిగొచ్చాడు. “ఏమనుకున్నారు? పేరు చెప్పకపోతే ఫైలు మూసేస్తా, అప్పు మీదే. చెబితే కేసు కడతా. బ్యాంకుకి ఉత్తరం ఇవాళే వెళ్తుంది.”

“నా పౌరసత్వం దరఖాస్తు ఇంకా సర్కారు దగ్గరే ఉందే, కేసయితే కొట్టేస్తారు,” అంది తల్లి, చినారాకి మాత్రమే వినబడేలా.

ఆ దరఖాస్తు నింపింది చినారాయే. తొమ్మిదో ఏటి నుంచీ తల్లి కాగితాలన్నీ ఆమె చేతిరాతే. అద్దె ఒప్పందం, ఆసుపత్రి చీటీ, బజారు అనుమతి. తల్లి పేరు ఫారంలో ఎన్ని గడులు పడుతుందో చూడకుండా రాయగలదు.

కెప్టెన్ పెన్ను అందించాడు. చినారా తీసుకోలేదు.

“మీరే రాయండి,” అంది. “మామిరోవా బురుల్ సతారొవ్నా. మా అమ్మ.”