చింతగింజ, కందిగింజ

నేను ఒక రేకు డబ్బాను. నాలుగు కిలోల వనస్పతి పోసి పట్నంలో నాకు మూత బిగించారు. షావుకారు కొట్టులో వనస్పతి అయిపోగానే నా మర్యాదా అయిపోయింది. చాకలి సాయవ్వ నన్ను అడిగి తీసుకుని బట్టలుతికే చవుడు పోసుకుంది.

అది ఎమర్జెన్సీ రెండో చలికాలం. నలుగురికి మించి ఒకచోట చేరకూడదన్నారు. కూలి పెంచమన్నందుకు సాయవ్వ మొగుడు ఓదెలును పోలీసులు పట్టుకుపోయారు. "అందరూ నోరు మూసుకుని కోతకొస్తే ఇడిపిస్త" అన్నాడు పటేలు. కోతకు పోవాలా, ఠాణా ముందు కూర్చోవాలా? ఊరు తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి కూడితే నేరం.

ఊరు కూడకపోయినా, రోజూ పొద్దుగూకే వేళ ప్రతి గడపా ఎక్కే మనిషి ఒకతె ఉంది. ఇంటింటా బువ్వ తెచ్చుకోవడం చాకలి వాడుక. దాన్ని రద్దు చేయాలని ఏ సర్కారుకూ తోచలేదు. పొగమంచులో, పొయ్యిల పొగలో, సాయవ్వ కలలో నడిచినట్టు నడిచేది. కుండలో అన్నం పోయించుకుని, కొంగు కింద నన్ను ముందుకు జరిపేది. ఠాణాకైతే చింతగింజ, కోతకైతే కందిగింజ.

మొదటి సాయంత్రానికే నేను నిండిపోయాను. గడపలోకొచ్చిన ఆడమనిషికి ఒక్క గింజ ఎలా వేస్తారు? పరువు పోదూ! దోసెళ్లతో కందులు పోశారు. లెక్కపెట్టే పనే లేదు, కోతే గెలిచింది. సాయవ్వ ఆ కందుల్లో చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది.

"ఇగ ఊకోరాదే" అన్నాడు పక్కింటి గట్టయ్య. "నీ మొగడు ఇంటికొస్తడు."

"ఇవి పప్పుకిచ్చిండ్రు బావా. మాటకియ్యలే."

మర్నాడు నన్ను ఖాళీ చేసుకుని మళ్లీ బయల్దేరింది. "ఒక్కటే ఎయ్యాలె. మనిషికొక్కటి."

"ఇంటికొక్కటి సాలదా?" అంది కనకవ్వ అనే ముసలామె. "మా కోడలికేం ఎరుక?"

"కోతకు తోలేటప్పుడు అన్నీ ఎరుకేనాయె గదత్తా?"

తలుపు చాటునుంచి కోడలు చెయ్యి చాపింది. ఆమె వేసిన గింజ చెమటకు తడిసి ఉంది.

చివర సాయవ్వ తన గింజ వేసింది. కందిగింజ. తర్వాత నన్ను ఒళ్లో బోర్లించుకుంది. చింతగింజలు నలభై మూడు, కందిగింజలు నలభై ఒకటి. రెండు గింజలు మారిస్తే ఓదెలు ఇంట్లో ఉంటాడు. చూసింది నేనొక్కదాన్నే, నాకా నోరు లేదు. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. లేచి గట్టయ్య వాకిట్లోకి వెళ్లి, "ఠాణాకే" అంది.

తెల్లారి ఊరంతా ఠాణా దారిలో కూర్చుంది. నలుగురొకచోట, ఇరవై అడుగుల ఎడంలో మరో నలుగురు. జమేదారు ఆర్డరు కాగితం పట్టుకుని ఐదో మనిషి కోసం పొద్దంతా తిరిగాడు. మొదటి నలుగురిలో సాయవ్వ ఉంది, ఆమె పక్కన నేను.

కోతలు నిలిచిపోయిన మూడోనాడు ఓదెలును వదిలారు. ఒక చెంప వాచిపోయింది. దారిలో గింజల సంగతి విని అడిగాడు: "ఠాణాకే ఏసినవా?"

"కందిగింజేసిన. ఓడిపోయిన."

"మరెందుకొచ్చినవే?"

"ఓడిపోయిన్నని చెప్తున్న గద!"

ఆ ఎండాకాలం సీలు వేసిన సర్కారు ఓట్ల పెట్టె ఊళ్లోకి వచ్చింది. తర్వాత అలాంటివెన్నో వచ్చాయి. నాకు చిల్లుపడి తుక్కు కొట్టుకు చేరాను. ఇక్కడా ఎన్నికల కబుర్లు వినబడుతూనే ఉంటాయి. ఎవరు గెలిచారో అందరూ చెబుతారు. ఓడి కూడా మొదటి వరుసలో వెళ్లి కూర్చున్న మనిషి గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.