ఒళ్లోనా, గిన్నెలోనా

మేకు గుంటలో పుట్టీ నింపి, కత్తితో అడ్డంగా ఒక్కసారి గీకి, మిగిలింది బొటనవేలితో తుడిచేశాడు హోసియా. ఇక ఈ గోడ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నానికల్లా దీనిమీద ఆఖరి బొమ్మ ఎక్కాలి.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఊరి మ్యూజియంలో అతని పని ఇదే. పాత ప్రదర్శన బొమ్మలు దించడం, గోడలకి పడ్డ తూట్లు పూడ్చడం, తెల్లరంగు వేయడం, కొత్త బొమ్మలు తగిలించడం. తను వేసిన పూతలకి ఆ గదులు కొంచెం ఇరుకై ఉంటాయని నవ్వేవాడు. పొడుగాటి మనిషి, నిచ్చెన మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. నల్లటి చేతుల మడతల్లో తెల్లరంగు ఇంకిపోయి, ఎంత రుద్దినా వదిలేది కాదు.

మంగళవారం ప్రదర్శన మొదలైతే, ముందురోజు, సోమవారం సెలవునాడు, భార్య వెర్నెల్‌ని తీసుకొచ్చేవాడు. అందరికంటే ముందు ఆవిడే చూసేది. ఆవిడ బడి వంటశాలలో చాకిరీ చేసిన మనిషి. చిన్నప్పుడు రోజూ ఆ భవనం ముందునుంచే బడికి నడిచేది. నల్లవాళ్లు ఆ మెట్లెక్కకూడని రోజులవి. అందుకే చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, ఒక్కో మెట్టూ తీరుబడిగా ఎక్కేది. ఒక్కో బొమ్మ ముందూ కాళ్లు నొప్పెట్టేదాకా నిలబడేది. వెనకాల హోసియా గోడమీద రోలరు చారలేమైనా మిగిలాయేమోనని వెతుక్కునేవాడు.

ఈస్టర్ నుంచి ఆవిడ మంచం దిగలేదు. కడుపులో రాచపుండు. ఇంటికొచ్చే నర్సు, ఇంక రోజుల్లోనే అని మొన్ననే చెప్పింది. ఈ సోమవారం పొద్దున అతను బయల్దేరుతుంటే వెర్నెల్ పిలిచింది.

"ఇవాళ నువ్వే చూసొచ్చి చెప్పాలయ్యా."

"నాకేం తెలుస్తుందే? నేను గోడ మనిషిని."

"ముప్ఫై ఏళ్లు పెళ్లింట్లో వడ్డించావు, ఒక్కసారీ పెళ్లికూతురి మొహం చూళ్లేదు. సిగ్గులేదూ?"

ఆఖరి బొమ్మ తగిలించాక చేతులు తుడుచుకుని, మొదటి బొమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మ్యూజియం పెద్ద మిస్ హార్ట్‌వెల్, కూతురి వయసు పిల్ల, అటుగా వెళ్తూ ఆగింది.

"ఏమైనా వంకరగా ఉందా, హోసియా గారూ?"

"లేదమ్మా. చూస్తున్నా."

ఆ పిల్ల వెళ్లి ఆ గది దీపాలన్నీ వేసింది.

చాలా బొమ్మలు అతనికి పట్టుబడలేదు. ఒక్కటి మాత్రం పట్టుకుంది. ఒకావిడ వసారాలో కూర్చుని ఊదా తొక్కల అలసందలు ఒలుస్తోంది. ఆవిడ బొటనవేలికి ఊదారంగు అంటుకుంది. ఏటా జూలైలో ఆ వేలు అతని ఇంట్లోనూ కనిపించేది. వంట చేస్తున్నప్పుడూ, పాటల పుస్తకం తిప్పుతున్నప్పుడూ. అంతసేపు ఏ బొమ్మ ముందూ అతను నిలబడి ఎరగడు.

ఇంటికెళ్లేసరికి వెర్నెల్ చెల్లెలు క్లియోటా మంచం పక్కన కూర్చునుంది. హోసియా కుర్చీ లాక్కుని, ఆ బొమ్మ సంగతంతా చెప్పాడు. వసారా, ఎండ, ఊదా వేలు.

కళ్లు మూసుకుని విన్న వెర్నెల్ అడిగింది. "ఒలిచిన గింజలు ఎక్కడేస్తోంది? ఒళ్లోనా, గిన్నెలోనా?"

"అది చూళ్లేదే."

"అదే కదయ్యా బొమ్మంతా! ఒళ్లో అయితే సొంతింటికి. గిన్నెలో అయితే ఎవరికో." గొంతు సన్నగా ఉన్నా వెటకారం తగ్గలేదు. "వెళ్లి చూసిరా."

"ఇప్పుడా?"

"నాకు తెలియాలి మరి."

"వెళ్లిరా బావా, నేనున్నాగా," అంది క్లియోటా.

పాత ట్రక్కులో పది నిమిషాల దారి. తన తాళంచెవితో తలుపు తీసి, ఒక్క దీపం వేసుకుని, బొమ్మకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. తిరుగుదారిలో జవాబు మరిచిపోతానేమోనని పైకే అనుకుంటూ వచ్చాడు.

వసారా మెట్లమీద క్లియోటా నిలబడి ఉంది, కొంగులా ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుని.

"నువ్వు మలుపు తిరిగావో లేదో... నువ్వెదురుగా ఉంటే పోలేకే నిన్ను పంపించింది బావా."

అతను లోపలికెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

"ఒళ్లోనే, వెర్నెల్," అన్నాడు. "కానీ పక్కన చిన్న గిన్నె కూడా ఉంది. అందులో ఓ గుప్పెడు."

ఇంకో ప్రశ్న వేస్తుందేమోనన్నట్టు కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

చర్చి వాళ్లు వచ్చి ఆవిణ్ని తీసుకెళ్లాక, దుప్పటి మడతపెడుతూ క్లియోటా చెప్పింది. "నువ్వటు వెళ్లగానే కళ్లజోడు అడిగింది బావా. తుడిచి మరీ పెట్టించుకుని, కిటికీలోంచి నీ ట్రక్కుకేసి చూసింది. తర్వాత నేనే తీశాను."

చెవి దగ్గర తెల్లదారం చుట్టిన ఆ కళ్లజోడు, కాడలు మడవకుండానే, కిటికీ గట్టుమీద వీధివైపు తిరిగి ఉంది.