యాడ్లప్పుడు వచ్చే అభిరామ్

పొద్దుగూకే వేళకు ఓబులేసు గొర్రెలను దొడ్డికి తోలి, తడిక కట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఇంట్లో సీరియల్ మొదలయ్యేది. యాడ్లు పడగానే హీరో అభిరామ్ టీవీలోంచి దిగి మంచం మీద కూర్చునేవాడు. ఓబులేసు భార్య రోశమ్మ నీళ్లిచ్చేది. సగం తాగేవాడు. యాడ్లు అయిపోగానే గ్లాసు కింద పెట్టి మళ్లీ టీవీలోకి ఎక్కిపోయేవాడు. అలికిన నేలను బూట్లతో తొక్కుతాడని తప్ప రోశమ్మకు అతని మీద ఏ ఫిర్యాదూ లేదు.

కూతురు సుస్మితకే చిక్కు వచ్చిపడింది. అతన్ని చూశాక ఏ మగాడూ కంటికి ఆనడం లేదు. మార్కాపురంలో డిగ్రీ అయిన దగ్గర్నుంచి వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపింది. "ఆ పిల్లోనిలో ఏముందే అంత?" అని రోశమ్మ అడిగితే ఎత్తు, తెల్లచొక్కా, గొంతు అని చెప్పేది. అది కాదని తనకూ తెలుసు. మరేమిటో మాత్రం తెలియదు. ఎత్తూ తెల్లచొక్కా అదే సీరియల్లో విలన్‌కూ ఉన్నాయి. వాడు దిగివస్తే పిల్ల లేచి వంటింట్లోకి పోయేది.

చివరికి ఓబులేసుకు విసుగొచ్చింది.

"ఇప్పుడు వచ్చే పిల్లోనిది కురిచేడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని. వీన్ని గూడా వద్దన్నావంటే ముండ్లమూరు అత్త కొడుక్కే మాటిచ్చేస్తా. ఇంక నిన్నడిగేది లేదు."

ఆ మాటతో సుస్మిత అన్నం కంచం పక్కకు నెట్టింది. అత్త కొడుకు తన బండి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడడు. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే బండి స్టార్ట్ చేస్తాడు.

జీవాలున్న ఇంట్లో పెళ్లిచూపులంటే దొడ్డి కట్టాకే. వర్జ్యం చూశారు, దుర్ముహూర్తం చూశారు, సీరియల్ టైము ఒక్కటే చూసుకోలేదు. టీవీ కట్టేద్దామంటే ఓబులేసు తల్లి రంగనాయకమ్మ ఒప్పుకోలేదు. ఆమె మాట వినేవాడు అభిరామ్ ఒక్కడే మరి. పెళ్లికొడుకు ఆదిశేషు వచ్చి కూర్చోగానే యాడ్లు పడ్డాయి. అభిరామ్ దిగివచ్చి అదే మంచం మీద అతని పక్కనే కూర్చున్నాడు.

రోశమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇటు ఆరడుగుల తెల్లచొక్కా. అటు దాని భుజం దాకా రాని ఆదిశేషు, ఎంత తోమినా గోళ్లలోంచి పోని పలకల దుమ్ము. ఆదిశేషు మాత్రం కొంచెం జరిగి, "సర్దుకొని కూసోన్నా," అన్నాడు.

సుస్మిత తల వంచుకునే కాఫీ ఇచ్చింది. ఆ గోళ్లు చూసింది. ఇక పైకి చూడాల్సిన అవసరం లేదనుకుని వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

మూలన పీట మీదున్న అవ్వ రంగనాయకమ్మ రోజూలాగే కథ ఎత్తుకుంది. ఆమెకు ఉన్నది ఒకటే కథ.

"కరువు సంవత్సరం. పెండ్లయి నెల గూడా కాలా. మందను తోలుకొని ఆయనా నేనూ నల్లమలకు పోతాన్నాం. ఆయన ముందర, నేను ఎనక. గుండ్లకమ్మ దాటినాక నా కాల్లో తుమ్మముల్లు దిగింది..."

"ఇప్పుడెందుకు లేమ్మా అది," అన్నాడు ఓబులేసు.

ఇంట్లో అందరూ ముల్లు దాకా విన్నవాళ్లే. అక్కడ ఎవరికో ఒకరికి పని గుర్తొచ్చేది. అభిరామ్ ఒక్కడే రోజూ ముందుకు వంగి, "తర్వాత ఏమైంది అమ్మమ్మగారూ?" అని అడిగేవాడు. అవ్వ జవాబు చెప్పేలోపు యాడ్లు అయిపోయేవి. పాపం, అతని ఉద్యోగం అలాంటిది.

ఆ రోజూ అభిరామ్ ముందుకు వంగాడు. కానీ మాట పక్కనుంచి వచ్చింది.

"యా కాల్లో అవ్వా?" అన్నాడు ఆదిశేషు.

ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అవ్వ చీర కుచ్చెళ్లు జరిపి ఎడమ పాదం చూపించింది. "దీంట్లో నాయనా."

అంతలో సీరియల్ పాట హోరెత్తింది. అభిరామ్ లేచాడు. ఎప్పుడూ సగం వదిలే నీళ్లు మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆదిశేషును కాసేపు చూశాడు. తర్వాత టీవీలోకి ఎక్కి, లోపలి నుంచి దాన్ని కట్టేశాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. దొడ్డిలో గొర్రెపిల్లలు తల్లుల కోసం అరవడం వినిపించింది. లేచి వెళ్లడానికి ఎవరికీ సాకు దొరకలేదు.

"తర్వాత ఏమైందవ్వా?" అన్నాడు ఆదిశేషు.

"ఏముంది, ఆడ్నే కూలబడినా. మంద పోతానే ఉంది. పిలిస్తే ఏమంటాడో అని నోరెత్తలా. ఆయనే ఎనక్కి తిరిగి చూసినాడు. మందనొదిలేసి వచ్చినాడు. ముల్లు తీసినాడు. తీసినాక గూడా పోలా, ఇంగా నొప్పుందా అంటా పక్కనే కూసున్నాడు. జీవాలు చెదిరిపోయినాయి, కొన్ని దొరకనే లేదు. మా మామ నోటికొచ్చినట్ల తిట్టినాడు. ఆయన పడినాడే గానీ నా ముల్లు సంగతి చెప్పలా." అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "మెల్లకన్ను మనిషి. పెండ్లయినాక ఆయన మొగం నేను చూసింది అప్పుడే. ఎంత బాగుండాడనుకున్నావ్!"

సుస్మితకు ఏడుపొచ్చింది. ఈ కథ వింటూ పెరిగింది, చివర ఏమైందో ఒక్కసారీ అడగలేదు. రోజూ తాను గుమ్మం పట్టుకుని నిలబడింది ఎత్తు కోసమూ కాదు, చొక్కా కోసమూ కాదు, అభిరామ్ అలా ముందుకు వంగి అవ్వను అడిగే ఆ ఒక్క క్షణం కోసమని ఇప్పుడు తెలిసింది. తలెత్తింది. ఆదిశేషు ఆమెను చూడడం లేదు. ఇంకా అవ్వ పాదాన్నే చూస్తున్నాడు.

చుట్టాలు చెప్పులేసుకుంటుంటే ఓబులేసు వంటింట్లోకి వచ్చాడు.

"ఏమంటావమ్మా? ముండ్లమూరుకు ఫోన్ చేసేదా?"

"వద్దు నాయనా. వీళ్లకే మాటియ్యి."

ఓబులేసుకు నమ్మకం కుదరలేదు. "తర్వాత నన్ననొద్దు. అభిరామ్ పక్కన కూసుంటే చూసినావు గదా, ఎంత పొట్టిగుండాడో."

"నేను మొగం చూసినా నాయనా," అంది సుస్మిత.